మిర్చి యార్డులో కొరియా ప్రేమ మాటలు

ఆ రోజుల్లో నేను ఉండేది వరంగల్ మట్టెవాడలోనే అయినా, మనసును అడిగితే మాత్రం కొరియాలో ఉన్నానని చెప్పేది. డిగ్రీ అయిపోయింది. ఉద్యోగం రాలేదు, పెళ్లి కాలేదు. ఈ రెంటి మధ్య ఆడపిల్లకు దొరికే ఆ కొద్దిపాటి ఖాళీలో నేను ఫోన్ పట్టుకుని డాబా ఎక్కేదాన్ని. మా గల్లీలో ఏనాడూ మంచు కురవదు. శివరాత్రి దాటగానే రేకులు వేడెక్కి, వాటి మీద నడిచే పిల్లులు కూడా కాళ్లు ఎత్తెత్తి వేస్తాయి. అయినా సాయంత్రం దండెం మీది బట్టలు తీస్తుంటే నా కళ్లకు ఆ రేకుల మీద, స్కూటర్ సీట్ల మీద, ఎదురింటివాళ్ల నీళ్ల ట్యాంకు మీద సన్నగా మంచు పడుతున్నట్టే ఉండేది. ఆ మంచులో, గల్లీ మలుపు దగ్గర, మోకాళ్ల కిందికి దిగే కోటు వేసుకుని ఒకతను నిలబడి నాకోసం చూస్తుండేవాడు. (మా ఊరి ఎండకు ఆ కోటుతో పావుగంట నిలబడితే దవాఖానలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చేది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.) అతనికి పేరు లేదు. ముఖం కూడా నేను చూస్తున్న కొరియా సీరియల్‌ను బట్టి మారిపోయేది. కోటు మాత్రం అదే ఉండేది.

సీరియళ్లు చూస్తే సరిపోక ఆ మాటలు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. ఫోన్‌లో ఒక టీచరమ్మ దొరికింది. ఆమె పాఠాలు ఇంగ్లీష్ మాట్లాడేవాళ్లకు కొరియన్ ప్రేమ మాటలు నేర్పే పాఠాలు. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి, డిగ్రీలో ఇంగ్లీషుకు దూరం నుంచే దండం పెట్టిన నేను ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ల లెక్కలోకి వస్తానా అని మొదట జంకాను. కానీ తెలుగు మాట్లాడేవాళ్లకు కొరియన్ ప్రేమ నేర్పే పుణ్యాత్ములు ఎవరూ కనబడలేదు కాబట్టి ధైర్యం చేశాను. అలా ఒక్కో మాట కొరియాలో బయల్దేరి, ఇంగ్లీషులో బండి మారి, పుస్తకాల తెలుగులో కాసేపు ఆగి, చివరికి మా ఇంటి మాటలోకి దిగేది. 'ఐ మిస్ యూ' దగ్గర నా బండి చాలా రోజులు ఆగిపోయింది. దానికి తెలుగు ఏమిటో ఎంత ఆలోచించినా తట్టలేదు. ఒకనాడు టీచరమ్మ ఆ కొరియన్ మాటను విడదీసి, ఇందులో సగం చూడటం, సగం కోరుకోవడం అని చెప్పగానే డాబా మీద ఒక్కదాన్నే పకపకా నవ్వాను. నెక్కొండ నుంచి మా నానమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "నిన్ను సూడబుద్దైతాంది బిడ్డా" అనేది కదా, అచ్చం అదే. ఇంగ్లీషుకు అందనిది మా నానమ్మకూ కొరియావాళ్లకూ అందిందని ఆ రోజంతా గాల్లో తేలుతూ తిరిగాను.

అలా నేర్చుకున్నవి ఓ పది మాటలు ఉంటాయేమో. నిన్ను చూడాలని ఉంది, నా చెయ్యి విడవకు, ఏడవకు, నేను నీ పక్కనే ఉంటాను, వెళ్లిపోకు, ఈ ధోరణిలో. ఎంత, ఎక్కడ, నీళ్లు, అన్నం అనే మాటలు మాత్రం రావు. కొరియాలో దిగబెడితే దాహంతో చచ్చిపోయేదాన్నే గానీ, చచ్చేముందు ఎవరినో ఒకరిని ఎంత ప్రేమించానో చెప్పి చచ్చేదాన్ని. వాటిని కుట్టు మిషన్‌తో అనేదాన్ని, కరెంటు పోయి ఆగిన ఫ్యాన్‌తో అనేదాన్ని ("వెళ్లిపోకు" అనే మాట బాగా కుదిరింది అక్కడే). అమ్మ ఒక రోజు బియ్యం ఏరుకుంటూ, "పొద్దుగాల్నుంచి ఏం గొణుగుతానవే?" అని అడిగింది. "కొరియన్ అమ్మా" అన్నాను. "ఆ భాషల 'అన్నం తిన్నవా' అంటే ఏమంటరు?" అంది. "అది ఇంకా రాలే." "గదే రాకపోతె మరి ఇన్ని దినాలు ఏం నేర్సినవే?" అని అమ్మ చేట పక్కన పెట్టి నావైపు చూసింది. ప్రేమ మాటలు నేర్చుకున్నానని చెప్పే ధైర్యం నాకెక్కడిది? మా ఇంట్లో ఆ మాట టీవీలోంచి వినబడినా బాపు (నాన్నను మేం అలాగే పిలుస్తాం) రిమోట్ కోసం వెతికేవాడు.

అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండకపోయేది. హైదరాబాద్‌లో కొరియన్ భాషకు ఏడాది కోర్సు ఒకటి ఉందని, అది చదివితే కంపెనీల్లో దుబాసీ ఉద్యోగాలు వస్తాయని తెలిసింది. ఆ కోర్సు మీద ఎంత ఆశ పడ్డానంటే, అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస. బాపుకు చెబితే, మా స్టీల్ సామాన్ల దుకాణంలో గిన్నెలు తుడుస్తూనే, "మీ మామనడుగు. ఆయన ఏమంటె గదే" అన్నాడు. మామ అంటే అమ్మకు పెద్దన్న. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి దుకాణం ఆయనది, అంటే రైతులు తెచ్చిన మిర్చిని దగ్గరుండి అమ్మించి పెడతాడు. గుబురు మీసాలు, భుజాన కండువా, గొంతు విప్పితే రెండు షెడ్ల అవతలికి వినబడుతుంది. డిగ్రీ అయిన దగ్గర్నుంచి పొద్దుటి పూట ఆయన దుకాణంలోనే బస్తాల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తూ ఉండేదాన్ని. ఒక పూట మంచి సమయం చూసి కోర్సు సంగతి ఎత్తాను. మామ మీసం సవరించుకుని, "సూద్దాం" అన్నాడు. (మా ఇళ్లల్లో సూద్దాం అంటే కాదని అర్థం. మనసు నొప్పించకుండా చెప్పడమన్నమాట.) అమ్మ ఇంకో కబురు చెవిన వేసింది: "గీ ఎండకాలంల నీకు సంబంధాలు సూస్తరట. మీ మామనే సూస్తాండు." అంటే హైదరాబాద్ వెళ్లినా ఆ నెలలోనే వెళ్లాలి, లేకపోతే లేదు. విచిత్రం ఏమిటంటే, చదువుకు పంపడానికి సూద్దాం అన్న మనిషే మార్కెట్‌లో అందరితోనూ "మా మేనకోడలికి కొరియా భాష వస్తది" అని గొప్పలు చెప్పుకునేవాడు. నేను ఔననలేదు, కాదనలేదు. మొహమాటం కొద్దీ నవ్వి ఊరుకునేదాన్ని.

ఆ నవ్వే నా కొంప ముంచింది. మిర్చి సీజన్ మంచి ఊపు మీద ఉండగా ఒక పొద్దున తెల్ల కారు వచ్చి మా షెడ్డు ముందు ఆగింది. కొరియా నుంచి ఎవరో పెద్దమనిషి, పచ్చళ్ల కంపెనీ ఆయన, మన చపాట మిర్చి చూడటానికి వచ్చాడు. చపాట మిర్చి ఎర్రగా, బొద్దుగా ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. అక్కడి పచ్చళ్లకు అలాంటిదే కావాలట. ఆయన వెంట దుబాసీగా హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తెల్లటి బట్టల్లో కారు దిగింది, యార్డు గాలి నిండుగా ఒక్కసారి పీల్చింది, తుమ్మింది. మిర్చి యార్డులో ఒకసారి తుమ్మితే ఆగడం మన చేతిలో ఉండదు. తుమ్మి తుమ్మి, కళ్లు ఉబ్బి, చివరికి కారులోకి పోయి అద్దాలు ఎత్తేసుకుంది. లోపలి నుంచే మామకు రెండు చేతులూ జోడించింది. కొరియా తాత మాత్రం నెత్తిన టోపీతో, చిన్న ముఖంతో, ఎర్రటి కుప్పల మధ్య ఒంటరిగా నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు.

మామ గొంతు వినబడింది. "బిడ్డా, ఇటు రా. నీకు కొరియా వస్తది గద?"

"కొద్దిగనే మామా" అన్నాను, కంప్యూటర్ ముందు నుంచి లేస్తూ.

"కొద్దిగనే మాట్లాడు. పురాణం చెప్పుమంటలేను గద." ఆయన గొంతు తగ్గించి దగ్గరికి వచ్చాడు. "సూడు, గీ ముసలాయన్ను జర సంబాళించు. ఆయన ఖుష్ అయిండనుకో, నీ హైదరాబాద్ ముచ్చట పొద్దూకేవరకు మీ బాపుతోని మాట్లాడుత. ఖరాబైందనుకో, ఆ ముచ్చట మల్ల ఎత్తకు."

కుప్పల మధ్య నడిచి ఆ తాత ముందు నిలబడ్డాను. నమస్కారం ఎలా చెబుతారో టీచరమ్మ తొలి పాఠంలో చెప్పే ఉంటుంది. నేను ఆ పాఠం దాటేసి నేరుగా ప్రేమలోకి వెళ్లాను కదా. డాబా మీద వందసార్లు అన్న మాటే నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

"బొగొ షిపొస్సొయో" అన్నాను. మిమ్మల్ని చూడాలని ఎన్నాళ్లుగా తపించిపోయానో, అని.

తాత వెనక్కి తిరిగి చూశాడు, నేను ఇంకెవరితోనో అంటున్నానేమోనని. వెనక మిర్చి కుప్ప తప్ప ఎవరూ లేరు. మళ్లీ నావైపు తిరిగి, టోపీ తీసి, నడుము దాకా వంగి దండం పెట్టాడు. మామ ముఖం వెలిగిపోయింది. "ఏమన్నవే?" అని అడిగితే "రాండ్రి అన్న మామా" అన్నాను. "శాన మంచిగన్నవ్. ఎట్ల వంగిండో సూడు" అని మామ ఒక చపాట కాయ తీసి, తుంచి, లోపలి రంగు చూపించాడు. తాత దాన్ని వాసన చూశాడు, అరచేతిలో రుద్దుకుని రంగు ఎంతసేపు ఉంటుందో చూశాడు, తల ఊపాడు. ఆ తల ఊపడంతో మామకు ఉత్సాహం వచ్చింది. భుజం మీది కండువా దించాడు.

ఇక్కడ కండువా సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పుడు యార్డులో ధరలన్నీ కంప్యూటర్ మీదే వస్తాయి. మామ వయసులో ఉన్నప్పుడు అలా కాదట. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు చేతులు కలిపి, పైన కండువా కప్పి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారట. చుట్టూ ఎంతమంది ఉన్నా బేరం ఆ రెండు చేతుల మధ్యే ఉండేది. ఆ పద్ధతి పోయి చాలా ఏళ్లయినా, పెద్దమనుషుల బేరం అంటే మామ దృష్టిలో ఇప్పటికీ అదే. గౌరవించదగ్గ మనిషి వస్తే కండువా దిగాల్సిందే. ఆ లెక్కన ఆయన కొరియా తాత చెయ్యి పట్టుకుని, కండువా కప్పి, వేళ్లు నొక్కడం మొదలుపెట్టాడు.

తాత కంగారుగా నా ముఖంలోకి చూశాడు. నిజమే మరి. కారు దిగి పది నిమిషాలు కాలేదు. ఒక ఆడపిల్ల మీకోసం తపించిపోయానంది, ఆ వెంటనే ఒక మీసాలాయన గుడ్డ కప్పి చెయ్యి పట్టుకున్నాడు. 'భయపడకండి తాతా, ఇది మా దగ్గర బేరం చేసే పద్ధతి' అని చెప్పాలి నేను. బేరం, పద్ధతి, భయం, ఇవేవీ నా పది మాటల్లో లేవు. చెయ్యి ఒక్కటే ఉంది.

"సోన్ నోచి మాసెయో" అన్నాను. నా చెయ్యి విడవకండి, అని.

తాత నా ముఖం చూశాడు, మామ మీసాలు చూశాడు, ఒక నిమిషం ఆలోచించాడు. దేశం కాని దేశం, ఎవరి ఆచారం ఏమిటో అనుకున్నాడేమో, ఐదు వేళ్లతోనూ మామ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. మామ కనుబొమలు పైకి లేచాయి. "అబ్బ, ఐదు వేళ్లు బెట్టిండే" అన్నాడు నాతో. ధర ఎక్కువైందని మర్యాద కొద్దీ తను రెండు వేళ్లు తగ్గించి నొక్కాడట. తాత ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "ఏందే గీయన, నేను తగ్గిస్తాంటె గీయన పెంచుతాండు. నా వయసుల కొనేటాయన పెంచుడు ఇప్పుడే సూస్తాన్న. వద్దని చెప్పు బిడ్డా, గంత ధర ధర్మం కాదు." నేనేం చెప్పను? నాకు 'వద్దు' రాదు. హమాలీలు బస్తాలు దించి, ముక్కులకు గుడ్డలు కట్టుకునే చుట్టూ చేరారు. పాత కాలం బేరం మళ్లీ చూస్తున్నామని ముసలి హమాలీలు కుర్రవాళ్లకు వివరించి చెబుతున్నారు.

అదే సమయంలో పక్క షెడ్డులో ఎవరో కుప్ప తిరగేశారు. ఎర్రటి దుమ్ము లేచి తాత ముఖాన కమ్మింది. ఆయన కళ్లలో నీళ్లు ధారగా కారసాగాయి. చెయ్యి మామ చేతిలో ఉండిపోయింది, తుడుచుకోవడానికి లేదు. నాకు జాలి ముంచుకొచ్చింది. "ఉల్జీ మాసెయో" అన్నాను, ఏడవకండి అని. ఆ మాట వినగానే ఆయన నావైపు అదోలా చూశాడు. కన్నీళ్లు ఇంకా ఎక్కువయ్యాయి. "అయ్యో, ఏడుస్తాండేందే? కొనలేక ఏడుస్తాండా? తగ్గిస్తనని చెప్పు" అని మామ హైరానా పడుతుంటే, ఓదార్చడానికి నా దగ్గర మిగిలిన మాట అన్నాను, "జేగా గ్యొతె ఇస్సుల్‌కెయో", నేను మీ పక్కనే ఉంటాను.

తాత అలాగే బస్తా మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియని నవ్వు. ఆయనతోపాటు మామ కూడా పక్క బస్తా మీద కూర్చున్నాడు. ఎందుకంటే చెయ్యి ఇంకా ఎవరూ విడవలేదు. కారులోంచి ఇదంతా చూసిన దుబాసీ అమ్మాయి ముఖమంతా చున్నీ చుట్టుకుని పరుగున వచ్చింది. తాత ఆమెతో చాలాసేపు మాట్లాడాడు. ఆమె వింటూ వింటూ నావైపు చూసింది. చున్నీ వెనక భుజాలు కదిలాయి. తుమ్మో నవ్వో తెలియలేదు.

"అంకుల్, ఈ అమ్మాయి ఆయనతో ఏమందో మీకు తెలుసా?" అని మామను అడిగి, ఒక్కొక్కటే చెప్పింది. హమాలీలందరి ముందు, ముసలివాళ్లకు కూడా వినబడేటట్టు. ఆ ఎర్రటి కుప్పలోకి తలతో సహా దూరిపోతే బాగుండునని నాకు అనిపించింది. మామ మెల్లగా చెయ్యి తీసుకుని, కండువా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "మరి ధర?" అన్నాడు. "ధర సంగతి ఆయనకు తెలీదు అంకుల్. మీరు వదలడం లేదని ఆయనా వదల్లేదట."

ఎవరో హమాలీ కిసుక్కున నవ్వాడు. ఆ అమ్మాయి మాత్రం నవ్వకుండా, "ఇంకో మాట కూడా చెప్పమన్నారు" అంది. "ఈ పాప మా సీరియల్స్ చూసి మేమందరం ఇళ్లల్లో ఇలాగే మాట్లాడుకుంటామని అనుకున్నట్టుంది, మా ఊళ్లో మగవాళ్లెవరూ ఇలా మాట్లాడరు, అంటున్నారు. ఆయన భార్య లేరట. ఈ కంపెనీ మొదలుపెట్టినప్పుడు పచ్చళ్లన్నీ ఆమే కలిపేదట, చేతులు మండుతున్నా. బతికి ఉన్నన్ని రోజుల్లో ఈ మాటల్లో ఒక్కటి కూడా ఆమెతో అనలేదట. ఇవాళ ఎవరో పరాయి ఊరి పిల్ల అన్నీ వరసపెట్టి అంటుంటే, ఇవి ఇంత తేలికగా అనగలిగే మాటలా అనిపించిందట."

ఇన్నాళ్లూ నేను డాబా మీద నుంచి చూసిన దేశం వేరు. అక్కడ గాలి కూడా ప్రేమగా మాట్లాడేది. తీరా చూస్తే అక్కడి మగవాళ్లు కూడా మా బాపులాంటి వాళ్లేనన్నమాట. కాసేపటికి తాత లేచి, చపాట మిర్చి నచ్చిందని, మిగతా సంగతులు కంపెనీ ద్వారా పద్ధతి ప్రకారం మాట్లాడుకుందామని చెప్పించి, మళ్లీ నాకు వంగి దండం పెట్టి కారెక్కాడు. నా దగ్గర ఇంకా అనని మాట ఒకటి ఉంది, వెళ్లిపోకండి అని. నోరు గట్టిగా మూసుకున్నాను.

ఆ మధ్యాహ్నమంతా మామ నాతో మాట్లాడలేదు. హమాలీలు మాత్రం బస్తా ఎత్తుతూ ఒకరినొకరు "చెయ్యి ఇడువకురా" అనుకుని నవ్వుతున్నారు. నా హైదరాబాద్ ఆ దుమ్ములో కలిసిపోయిందని నాకు తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చుని, కళ్లలో నీళ్లు వస్తుంటే మిర్చి ఘాటని సరిపెట్టుకున్నాను. కాంటాలు ఆగాయి, షెడ్లు ఖాళీ అయ్యాయి, ఎండ పసుపు రంగుకు తిరిగింది. మామ చాయ్ తెప్పించాడు. నాకొకటి ఇచ్చాడు. తనది ఊదుకుంటూ నా పక్కన బస్తా మీద కూర్చున్నాడు.

"బిడ్డా" అన్నాడు చివరికి. "ఒక్కటి అడుగుత. నవ్వద్దు."

"నవ్వ మామా."

"సీజన్ల రైతులొస్తరు. వానికి ధర రాకపోతె మన ఇంట్లనే పంటడు. నెక్కొండ నుంచి, ఏడికేడి నుంచో ఎంతమందొచ్చినా మీ అత్తనే వండిపెట్టింది. కాళ్లు వాసినా పెట్టింది. నేను ఎన్నడు ఒక్కమాట అనలే. అనుటానికి నోరు రాదు." చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నాకోసం శాన కష్టపడ్డవు అని, గట్ల అంటానికి కొరియాల ఏమన్న మాటుందా? తెలుగుల అంటె నాకు సిగ్గనిపిస్తది. గా భాషల అయితె ఆమెకు సమజ్ కాదు, నేను అన్నట్టు ఉంటది."

నాకు తెలిసిన మాటలన్నీ ఒక్కొక్కటిగా తలుచుకున్నాను. చెయ్యి, కన్నీళ్లు, పక్కన ఉండటం, వెళ్లిపోవడం. ఎంత వెతికినా అందులో కష్టం అనే మాట లేదు.

"గది నాకు రాదు మామా" అన్నాను. "ప్రేమ మాటలే వచ్చు."

మామ నావైపు చూసి, అలాగా అన్నట్టు తల ఊపాడు. "మరి హైదరాబాద్ల గది నేర్పుతరా?"

"నేర్పుతరు కావచ్చు."

ఆయన లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని, స్కూటర్ తాళం తీసుకున్నాడు. "ఎక్కు. మీ బాపు దగ్గరికి పోదాం." మట్టెవాడలో మా దుకాణం ముందు స్కూటర్ ఆపి, ఇంకా దిగకుండానే బాపుతో అన్నాడు: "పిల్లను హైదరాబాద్ తోలియ్యి బావా. ఏం రానోళ్లతోని ఫికర్ లేదు, సగం నేర్సినోళ్లతోనే లుక్సాన్. ఇయ్యాల నా చెయ్యి పోతుండె." బాపుకు ఏమీ అర్థం కాలేదు. "నువ్వెట్లంటె గట్లనే బావా" అన్నాడు. ఆ ఎండాకాలంలో నాకు సంబంధాలు చూడలేదు.

హైదరాబాద్‌లో అసలు పాఠాలు మొదలయ్యాక తెలిసింది, నాకు వచ్చిన భాష ఎంతో. అక్షరాల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అన్నం, నీళ్లు, ఎంత, ఎక్కడ, అన్నీ వచ్చాయి. ఒక రోజు క్లాసు అయిపోయాక మా టీచర్‌ను ఆపి, ఒకరు మనకోసం కష్టపడితే ఏమంటారని అడిగాను. ఎవరితో అనడానికని ఆమె అడిగితే, మా అత్తతో, మా మామ తరఫున అని చెప్పాను. ఆమె నవ్వి, 'గోసెంగ్ హెస్సొ' అని రాసిచ్చింది. (కష్టానికి మేమనే గోసకు దగ్గరి చుట్టంలాగే ఉంది, మామ మరిచిపోడులే అనుకున్నాను.) హాస్టల్ వరండాలోంచి ఫోన్ చేస్తే, "ఆగు, లొల్లి ఉన్నది" అని మామ ఎక్కడికో నడిచి వెళ్లి, మాట చెప్పించుకుని, బడిపిల్లవాడిలా మళ్లీ మళ్లీ అని చూసుకున్నాడు. బాగుందో లేదో అడగలేదు. సరేనని పెట్టేశాడు.

ఆ తరువాత చాలా రోజులకు ఊరికి వచ్చినప్పుడు మామ వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాను. మామ తినడం ముగించి, చెయ్యి కడుక్కుని, కండువాతో మూతి తుడుచుకుంటూ, గోడవైపు తిరిగి ఏదో అన్నాడు. నేను నేర్పిన మాటే. కొరియావాళ్లు వింటే గుర్తుపట్టరు. నేను గుర్తుపట్టాను. ఆయన బయటికి పోయి కూర్చున్నాక అత్త నా పళ్లెంలో కూర వేస్తూ, "రోజొక్కపారి గట్లనే అంటాండు. నువ్వే నేర్పినవట గద, గదేందే?" అంది.

అప్పటికే నాకు ఒక ఎగుమతుల కంపెనీలో దుబాసీ పని దొరికింది. అడిగిన మాటకు అర్థం చెప్పడమే నా ఉద్యోగం. వాకిట్లో మామ దగ్గు వినబడింది, అవసరం లేని దగ్గు.

"కూర మంచిగున్నదని అంటాండత్తా" అన్నాను.

"అబద్ధాలాడకు. పెండ్లైన కాన్నుంచి గాయిన కూర మంచిగున్నదన్నడా?" అని అత్త నవ్వింది. తరువాత గరిటె గిన్నెలోనే పెట్టి, వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "సెప్పకులే. నాకు తెలిసిందని తెలిస్తె మల్ల అననే అనడు."

నేను చెప్పలేదు. ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిని లేచాను. ఇప్పుడు నా రోజంతా ఆ భాషలోనే గడుస్తుంది, బస్తాలు, రేట్లు, ఓడలు, తేమ శాతాలు. ఎప్పుడైనా పని మధ్యలో ఆ డాబా మీది పిల్ల, అప్పటి నేను, గుర్తుకొస్తుంది. పది మాటలు నేర్చుకుని ప్రేమ గురించి మొత్తం నేర్చేసుకున్నాననుకుంది పాపం. కోప్పడబుద్ధి కాదు, నవ్వుకుంటాను.